నెట్ పోగానే ప్లగ్ పీకొద్దు: కేబుల్ మోడెమ్ జబ్బు కనిపెట్టే పద్ధతి

నిరుడు ఎండాకాలం రెండు నెలల పాటు టెక్సాస్‌లోని మా ఇంట్లో రోజూ ఒకటే తంతు. సాయంత్రం నాలుగు దాటాక క్లయింటుతో కాల్‌లో ఉంటాను, స్క్రీన్ మీద నా మొహం నోరు తెరిచినట్టే ఆగిపోతుంది. హాల్లోంచి అమ్మ కేక: "ఏరా, మళ్లీ పోయిందా? సరిగ్గా సీరియల్లో అత్తగారు తలుపు తీసేటప్పుడే ఆగిందిరా!" నేను మెట్ల కింద అల్మారాలోకి దూరి, మోడెమ్ (బయటి తీగ నుంచి నెట్‌ని ఇంట్లోకి తెచ్చే డబ్బా) ప్లగ్ పీకి, ముప్పై లెక్కపెట్టి మళ్లీ పెడతాను. ఐదు నిమిషాల్లో నెట్ వస్తుంది. గంటలో మళ్లీ పోతుంది.

కంపెనీ టెక్నీషియన్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ పొద్దున తొమ్మిదింటికే. మీటరు పెట్టి చూసి "అంతా బాగానే ఉంది" అని వెళ్లిపోయాడు. పాపం, అబద్ధం చెప్పలేదు. పొద్దున నిజంగానే బాగుంది. తెలివితక్కువ పని చేసింది నేనే. నెట్ పోయిన ప్రతిసారీ ప్లగ్ పీకి, దొంగ వేలిముద్రల్ని నా చేత్తో నేనే తుడిచేస్తూ వచ్చాను.

ఎందుకంటే మోడెమ్ తనకేం బాలేదో లోపల అంకెల్లో రాసుకుంటూ ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే ఆ లెక్కలు చాలావరకు సున్నా అయిపోతాయి. అందుకని ఈ మార్గదర్శిలో మొదటి నియమం ఇదే: ప్లగ్ మీద చెయ్యి వేసేముందు ఫోన్‌తో రెండు ఫోటోలు తీయండి. ఒకటి మోడెమ్ ముందున్న లైట్లది. రెండోది మోడెమ్ లోపలి పేజీది. ఆ పేజీ ఎలా తెరవాలో, అందులో ఏం చదవాలో కింద చెబుతాను.

మీది కేబుల్ మోడెమేనా?

గోడలోంచి వచ్చే గుండ్రటి నల్ల లేదా తెల్ల తీగ, చివర మర తిప్పే లోహపు కనెక్టరు, మధ్యలో సూదిలాంటి రాగి తీగ ఉంటే అది కోయాక్స్ కేబుల్. అమెరికాలో ఎక్స్‌ఫినిటీ, స్పెక్ట్రమ్, కాక్స్ లాంటి కంపెనీలు ఎక్కువ ఇళ్లకు ఈ తీగ మీదే నెట్ ఇస్తాయి. టీవీ చానళ్లు మోసుకొచ్చిన తీగ మీదే డేటాను కూడా పంపే ఈ పద్ధతికి డాక్సిస్ అని పేరు. మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి 3.0, 3.1 మోడెమ్‌లు.

హైదరాబాదులోనూ ఒకప్పుడు కేబుల్ టీవీ తీగ మీద నెట్ ఇచ్చారు. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ ఇళ్లకు వచ్చేది ఫైబర్. ఊళ్లో అమ్మానాన్నల ఇంటి బాక్సు మీద లాస్ (LOS) అనే లైటు ఎర్రగా వెలుగుతుంటే వెలుతురు బాక్సు దాకా రావడం లేదని అర్థం. తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూసి ఆపరేటర్‌కి ఫోన్ చేయడమే. ఆ ఇంటికి ఈ వ్యాసంలో వైఫై భాగం వరకే పనికొస్తుంది.

వైఫైదా, లైనుదా?

"నెట్ పోయింది" అని మనం అనేవాటిలో చాలా సందర్భాల్లో పోయేది వైఫై. రెండింటినీ విడదీయకుండా మోడెమ్ మీద పడితే వారం పోతుంది.

ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ కిటికీలు తెరవండి. ఒకదాంట్లో మీ రౌటర్ (ఆ నెట్‌ని ఇంట్లో వైఫైగా పంచే డబ్బా) అడ్రస్‌కి పింగ్ పెట్టండి, అంటే ping అని కొట్టి పక్కన అడ్రస్ రాయండి; "ఉన్నావా?" అని అడిగి జవాబు కోసం చూసే కమాండ్ అది. రౌటర్ అడ్రస్ చాలా ఇళ్లలో 192.168.1.1, కొన్నిట్లో 192.168.0.1 లేదా 10.0.0.1 ఉంటుంది. రెండోదాంట్లో 8.8.8.8కి, అంటే బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌కి, పెట్టండి. విండోస్‌లో అయితే చివర మైనస్ టీ (-t) తగిలిస్తే ఆపే దాకా నడుస్తూనే ఉంటుంది. మ్యాక్‌లో అదేమీ అక్కర్లేదు. రెంటినీ పక్కపక్కన వదిలేసి మీ పని చూసుకోండి.

ఈసారి నెట్ ఆగినప్పుడు ఆ రెండు కిటికీలు చూడండి. రెండూ ఆగితే మీ ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యే తెగింది, అంటే వైఫై. రౌటర్ జవాబిస్తూ 8.8.8.8 ఒక్కటే ఆగితే గొడవ మోడెమ్‌లోనో, ఆపై తీగలోనో ఉంది. రెండూ చక్కగా నడుస్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్ చికాకు, అంటే వెబ్‌సైటు పేరుని అంకెల అడ్రస్‌గా మార్చే చోట గొడవ. రౌటర్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ దగ్గర 1.1.1.1 లేదా 8.8.8.8 పెట్టి చూడండి, అక్కడితో కథ అయిపోవచ్చు.

వైఫై అని తేలితే ఎక్కువ చెప్పడానికేం లేదు. రౌటర్‌ని అల్మారాలోంచి బయటికి తీయండి, మైక్రోవేవ్ పక్కన పెట్టకండి, దగ్గర గదుల్లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడండి. చివరికి ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి నేరుగా కలిపే ఈథర్‌నెట్ తీగ వేసుకుంటే అంతకంటే సుఖం లేదు.

ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే రౌటర్‌ని పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌ని ఈథర్‌నెట్ తీగతో నేరుగా మోడెమ్‌కి కలపండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మోడెమ్ తనకు మొదట కనిపించిన పరికరాన్నే గుర్తుపెట్టుకుని దానికే నెట్ ఇస్తుంది. రౌటర్ తీసి ల్యాప్‌టాప్ పెడితే మోడెమ్‌ని ఒకసారి ఆపి వెయ్యక తప్పదు. అందుకే ఈ పరీక్ష ఫోటోలు తీశాకే.

లైట్ల భాష

మోడెమ్ లేచేటప్పుడు చేసే పనులకు ఒక వరస ఉంది. అది తెలిస్తే ఏ లైటు దగ్గర ఆగిందో చూసి సగం జబ్బు చెప్పేయొచ్చు.

మొదట డౌన్‌స్ట్రీమ్. కేబుల్ ఆఫీసు నుంచి వచ్చే సిగ్నల్ కోసం తీగంతా వెతుకుతుంది. దొరికాక అప్‌స్ట్రీమ్: "నేను ఇక్కడున్నాను, వినిపిస్తున్నానా?" అని తను అరుస్తుంది. అవతల వాళ్లు "వినిపిస్తోంది, కొంచెం తగ్గించు" అనో "పెంచు" అనో చెబుతారు. ఆ సర్దుబాటు అయ్యాక మోడెమ్‌కి ఒక ఐపీ అడ్రస్ వస్తుంది, మీ ప్లాన్ వివరాలున్న ఒక ఫైలు దిగుతుంది, రిజిస్టర్ అవుతుంది. అప్పుడు ఆన్‌లైన్ లైటు నిలకడగా వెలుగుతుంది.

డౌన్‌స్ట్రీమ్ లైటు మినుకుమినుకుమంటూనే ఉందంటే సిగ్నలే రావడం లేదు. తీగ ఊడిందో, తెగిందో, వీధిలోనే పోయిందో. అప్‌స్ట్రీమ్ దగ్గర ఆగితే మోడెమ్ వింటోంది కానీ దాని గొంతు అవతలికి చేరడం లేదు. చివరి ఆన్‌లైన్ లైటు దగ్గరే ఆగిందంటే తీగ కంటే ఖాతా మీద అనుమానం ఎక్కువ. కొత్త మోడెమ్ యాక్టివేట్ కాకపోవడం, బిల్లు కట్టకపోవడం లాంటివి. నవ్వకండి, క్రెడిట్ కార్డు గడువు తీరి ఆటోపే ఆగిపోయిన ఇల్లు నాకు తెలుసు. అది మాదే, ఇంకో ఏడాది.

అన్ని లైట్లూ ఒక్కసారిగా ఆరి మళ్లీ వెలిగితే అడాప్టర్‌ని చూడండి. తాకితే కాలిపోతోందా, పిన్ను వదులుగా ఉందా? మార్చాల్సి వస్తే పాతదాని మీద రాసిన వోల్టేజే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువుండాలి. దొరికిన అడాప్టర్ పట్టింది కదా అని గుచ్చకండి.

ఇన్ని చూసేలోపు ఫోన్ డేటాలో కంపెనీ యాప్ తెరిచి మీ ఏరియాలో అవుటేజ్ ఉందేమో చూడటం మర్చిపోవద్దు. పక్కింటివాళ్లని అడిగినా సరే. వీధి మొత్తానికి పోతే టీ పెట్టుకుని కూర్చోవచ్చు.

లోపలి పేజీ చదవడం

ఇది నేను రెండు నెలలు ఆలస్యంగా నేర్చుకున్న సంగతి.

బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొట్టండి. విడి మోడెమ్‌లు ఎక్కువగా ఈ అడ్రస్ దగ్గరే పలుకుతాయి. నెట్ పోయినా ఈ పేజీ తెరుచుకుంటుంది, ఎందుకంటే అది మీ ఇంట్లోని డబ్బాలోదే. కంపెనీ అద్దెకిచ్చిన మోడెమ్, రౌటర్ కలిసిన డబ్బా అయితే 10.0.0.1 లేదా 192.168.0.1 ప్రయత్నించండి. యూజర్ పేరు, పాస్‌వర్డు డబ్బా అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటాయి. కొన్ని కంపెనీలు తమ డబ్బాల్లో ఈ పేజీని మూసేస్తాయి. అలాంటప్పుడు లైట్ల ఫోటోలు, నెట్ పోయిన టైములు రాసుకున్న కాగితం, ఇవే మీ ఆయుధాలు.

పేజీలో స్టేటస్ లేదా కనెక్షన్ అనే చోట ఒక పెద్ద పట్టిక కనిపిస్తుంది. చూడగానే కళ్లు తిరుగుతాయి. చూడాల్సినవి నాలుగే.

డౌన్‌స్ట్రీమ్ పవర్. డీబీఎంవీ (dBmV) అనే సిగ్నల్ బలం కొలతలో ఉంటుంది. సున్నాకి అటూ ఇటూ ఏడు లోపు, అంటే మైనస్ 7 నుంచి ప్లస్ 7 దాకా ఉంటే హాయి. మైనస్ 15, ప్లస్ 15 అనేవి ప్రమాణంలో రాసిన హద్దులు. ఆ అంచుల దగ్గర కాపురం చేయడం మంచిది కాదు. చానళ్లన్నీ (పట్టికలో ఒక్కో వరస ఒక్కో చానల్) దాదాపు ఒకే స్థాయిలో ఉండాలి. కొన్ని మాత్రం గుంటలో పడ్డట్టు కిందికి పోతే తీగలో ఎక్కడో దెబ్బ ఉందని అనుమానించండి.

ఎస్ఎన్ఆర్. మాటకీ రొదకీ మధ్య తేడా అనుకోండి. పెళ్లి ఇంట్లో పక్కవాడి మాట వినపడాలంటే వాడి గొంతు బాజా కంటే పైన ఉండాలి కదా. మామూలు చానళ్లకి 33 డీబీ (డెసిబెల్) దాటి ఉండాలి, 36 పైన ఉంటే నిశ్చింత. 30 లోపుకి దిగితే తిప్పలు మొదలు.

అప్‌స్ట్రీమ్ పవర్. చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది దీన్నే. ఈ అంకె మోడెమ్ ఎంత గట్టిగా అరవాల్సి వస్తోందో చెబుతుంది. కాబట్టి పెరగడం మంచి కబురు కాదు. దారిలో సిగ్నల్ ఎక్కడో కారిపోతుంటే, చెవుడున్న తాతయ్యతో మాట్లాడినట్టు మోడెమ్ గొంతు పెంచుతుంది. 35 నుంచి 48 మధ్య ఉంటే మామూలే. 50 దాటిందంటే అరిచి అరిచి అలసిపోతోంది. ఇంకొంచెం పైకి పోతే దాని గొంతుకి అంతకంటే శక్తి ఉండదు, లింకు తెగుతుంది.

అన్‌కరెక్టబుల్స్. దారిలో చెడిపోయి, మోడెమ్ బాగుచేయలేక వదిలేసిన డేటా ముక్కల లెక్క ఇది. దీని పక్కనే ఉండే కరెక్టబుల్స్ గురించి పెద్దగా బెంగ వద్దు, అవి బాగుపడినవే. ఈ లెక్క మోడెమ్ లేచినప్పటి నుంచి కూడుతూ వస్తుంది కాబట్టి ఒక్క అంకె చూసి హడలిపోకండి. ఇప్పుడొక ఫోటో, గంట తర్వాత ఇంకో ఫోటో తీయండి. మధ్యలో ఎంత పెరిగిందన్నదే ముఖ్యం. రీస్టార్ట్ చేస్తే మొదట సున్నా అయ్యేది ఈ లెక్కే.

ఇక ఈవెంట్ లాగ్. ఇది మోడెమ్ డైరీ. కొన్ని మోడళ్లలో రీస్టార్ట్ తర్వాత కూడా మిగులుతుంది, కొన్నిట్లో పోతుంది. అందులో టీ3 టైమవుట్ అని ఉంటే, మోడెమ్ పిలిచింది, అవతలి నుంచి జవాబు రాలేదు. ఎప్పుడో ఒకటి రెండు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. వరసగా పడుతుంటే అప్‌స్ట్రీమ్ జబ్బు. వరసగా పదహారు టీ3లు అయ్యాయని రాసుంటే మోడెమ్ విసిగి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిందన్నమాట. టీ4 ఇంకా పెద్దది: అర నిమిషం పాటు అవతలి నుంచి "నీ వంతు, మాట్లాడు" అన్న పిలుపే రాలేదు. సింక్ ఫెయిల్యూర్ అని ఉంటే డౌన్‌స్ట్రీమ్ చేజారిపోయింది.

లాగ్‌లో తేదీ 1970 జనవరి 1 అని కనిపిస్తే భయపడొద్దు. మోడెమ్‌కి సొంత గడియారం లేదు, టైము నెట్‌వర్క్ నుంచి తెలుసుకుంటుంది. ఆ లోపు రాసుకున్న లైన్లకి ఆ తేదీయో, టైము తెలియదన్న మాటో పడుతుంది. నిజానికి ఇది మంచి ఆధారం. 1970 లైనుకి ముందు టీ3, టీ4లు గుంపుగా ఉంటే లైను తెగి మోడెమ్ తనే రీస్టార్ట్ అయింది. అంతకుముందు ఏ ఫిర్యాదూ లేకుండా నేరుగా 1970 వచ్చిందంటే కరెంటో, అడాప్టరో పోయింది.

ఇవన్నీ తెలిశాక కూడా నాకు దారి చూపించింది అమ్మే. పెరట్లో పడమటి వైపు పళ్లెంలో వడియాలు పెట్టేది. ఒకరోజు అంది, "రోజూ నువ్వు మోడెమ్ దగ్గరికి పరిగెత్తేది సరిగ్గా ఎండ వడియాల మీదికి వచ్చే వేళకేరా." వడియాల పళ్లెం వెనక గోడకే ఉంది కేబుల్ కంపెనీ వాళ్ల బూడిదరంగు పెట్టె. ఆ రోజు నుంచి పొద్దున ఎనిమిదికి ఒకటి, సాయంత్రం ఐదుకి ఒకటి ఫోటో తీశాను. అప్‌స్ట్రీమ్ పొద్దున 46, సాయంత్రం 53. ఎండకి తీగలో నష్టం కొంచెం పెరగడం సహజమే, ఒకటి రెండు డీబీ తేడాని ఎవరూ పట్టించుకోరు. ఏడు అంటే ఎక్కడో అతుకు ఊడుతోందని.

ఇంట్లో తీగ

గోడ నుంచి మోడెమ్ దాకా ఒక్కో అతుకూ చూసుకుంటూ వెళ్లండి. కేబుల్ నెట్ జబ్బుల్లో నా లెక్కన సగానికి పైగా అతుకుల దగ్గరే ఉంటాయి.

మోడెమ్ వెనక కనెక్టరుని చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగిందంటే దొంగ దొరికినట్టే. వేళ్లతో బిగించాక 7/16 అంగుళాల రెంచితో ఒక పావు చుట్టు చాలు. మోడెమ్ వైపు మరీ బలం పెడితే లోపలి బోర్డు విరుగుతుంది. రెంచి అసలు పని గోడ దగ్గర, స్ప్లిట్టర్ (ఒక తీగలోని సిగ్నల్‌ని చాలా తీగలకు పంచే చిన్న దిమ్మె) దగ్గర.

తీగ విప్పి చివర చూడండి. మధ్య రాగి సూది నిటారుగా, మెరుస్తూ, కనెక్టరు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. వంగిపోయినా, నల్లబడినా, పొట్టిగా ఉన్నా బాలేదు. చుట్టూ ఉండే వెండిరంగు జాలీలోంచి వెంట్రుక లాంటి పోగు ఒక్కటి సూదిని తాకినా షార్టే. తీగ ఒంటి మీద ఆర్‌జీ6 అని ముద్ర ఉండాలి. ఆర్‌జీ59 అంటే పాతకాలపు సన్న తీగ, టీవీకి సరిపోయేది, మార్చేయండి. చేత్తో మర తిప్పి ఎక్కించే చవక కనెక్టర్ల జోలికి పోవద్దు. కంప్రెషన్ పనిముట్టుతో నొక్కినవే నిలుస్తాయి.

తర్వాత స్ప్లిట్టర్లు. ఇల్లు కట్టినప్పుడు ప్రతి గదిలో టీవీ ఉంటుందని ఊహించి నాలుగు, ఎనిమిది నోళ్ల స్ప్లిట్టర్లు పెడతారు. ఇప్పుడు ఆ గదుల్లో కేబుల్ టీవీ ఎవరు చూస్తున్నారు? స్ప్లిట్టర్ మాత్రం సిగ్నల్‌ని పంచుతూనే ఉంటుంది. రెండు నోళ్లదైతే ఒక్కో దారిలో సుమారు 3.5 డీబీ పోతుంది, నాలుగు నోళ్లదైతే 7, ఎనిమిదిదైతే 11 దాకా. వచ్చేటప్పుడూ అంతే పోతుంది, వెళ్లేటప్పుడూ అంతే. మోడెమ్ ఆ మేరకు గొంతు చించుకోవాలి.

పరీక్ష చాలా సులువు. వీధి నుంచి వచ్చే తీగని, మోడెమ్‌కి వెళ్లే తీగని స్ప్లిట్టర్ నుంచి విప్పి, రెండు వైపులా మర ఉండే బ్యారెల్ జాయింటుతో నేరుగా కలపండి. మళ్లీ పేజీ తెరిచి అంకెలు పోల్చండి. మా లాండ్రీ గదిలో గోడపెట్టె తెరిస్తే నాలుగు నోళ్ల స్ప్లిట్టర్ ఒకటి, మూడు నోళ్లు ఖాళీగా ఆవులిస్తూ కనిపించింది. తీసేయగానే అప్‌స్ట్రీమ్ పొద్దున 46 కాస్తా 39 అయింది, సాయంత్రం 53 కాస్తా 46 అయింది. ఏడు తగ్గడం సంతోషమే, కానీ పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఏడు అలాగే ఉంది చూశారా? రోజుకు ఐదారుసార్లు పోయే నెట్ ఒకటి రెండుసార్లకి తగ్గింది, ఆగలేదు. అంటే రెండో దొంగ ఇంకా ఉన్నాడు.

స్ప్లిట్టర్ తప్పనిసరైతే 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ లేదా అంతకంటే పైకి అని ముద్రించినది కొనండి. డిష్ టీవీ కోసం చేసినవి, 950 నుంచి మొదలయ్యేవి పనికిరావు. ఖాళీ నోళ్లకి 75 ఓంల మూతలు బిగించండి. సరిగ్గా బిగించని నోటి గుండా బయటి రొద లోపలికి దూరుతుంది. అమెరికాలో చాలాకాలంగా మోడెమ్‌లు ఎక్కువగా పైకి పంపుతూ వచ్చింది 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ లోపు, ఆ చిన్న సందు వీధిలోని ఇళ్లన్నిటికీ ఉమ్మడి. ఒక ఇంటి నుంచి దూరిన రొద వీధి మొత్తాన్ని ఇబ్బంది పెడుతుంది.

కొన్ని సర్జ్ ప్రొటెక్టర్ పట్టీల్లో కోయాక్స్ కోసం కూడా రంధ్రాలుంటాయి. వాటి గుండా తీగ పోనిస్తే సిగ్నల్ తగ్గుతుంది, పీకి నేరుగా పెట్టండి. పాత యాంప్లిఫయర్ ఏదైనా దారిలో ఉంటే తీసి చూడండి. కొన్ని ఒకవైపే పెంచుతాయి, మోడెమ్ గొంతుని వెనక్కి పోనివ్వవు.

బయటి గోడ

ఇక్కడి నుంచి చేతులు వెనక్కి కట్టుకుని కళ్లతో చూసేది ఎక్కువ. గోడ మీది పెట్టె దగ్గర వీధి తీగ, ఇంటి తీగ కలిసే చిన్న లోహపు దిమ్మె ఉంటుంది. దాని నుంచి ఒక ఎర్త్ తీగ భూమిలోకి వెళుతుంది. ఆ ఎర్త్‌ని ఎట్టి పరిస్థితుల్లో విప్పకండి, అది పిడుగుల నుంచి కాపాడేది. స్తంభం ఎక్కడం, ఉరుముల వేళ ఆ పెట్టె ముట్టుకోవడం అసలే వద్దు.

చూడాల్సినవి: తీగ పెట్టెలోకి వచ్చే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కుతోందా? ఆ వంపు లేకపోతే వాన నీరు తీగ వెంట జారి నేరుగా కనెక్టరులోకి పోతుంది. వాన పడ్డ రెండు రోజులు నెట్ పోయి, ఆరాక బాగుపడే ఇళ్లలో ఎక్కువగా ఇదే జబ్బు. తీగ మీద పళ్ల గాట్లున్నాయా? ఇక్కడి ఉడతలు తీగ తొక్క కొరుకుతాయి. వారధికి ఇసుక మోసిన ఉడత వంశమే ఇదంటే నమ్మడం కష్టం.

మా పెట్టెలో నాకు పైకి ఏమీ కనిపించలేదు. అందుకే మూడోసారి ఫోన్ చేశాను.

మోడెమ్ ముసలిదైతే

అంకెలన్నీ బాగుండి, తీగలన్నీ బిగువుగా ఉండి కూడా మోడెమ్ తనకు తానే రీస్టార్ట్ అవుతుంటే అప్పుడు మోడెమ్‌ని అనుమానించండి. గాలి ఆడే చోట నిలబెట్టండి, సెట్‌టాప్ బాక్సు నెత్తిన పెట్టకండి. మీ సొంత మోడెమ్ అయినా లోపలి సాఫ్ట్‌వేర్‌ని కంపెనీయే పంపాలి, మనం ఎక్కించలేం. కొత్తది కొనేముందు మీ కంపెనీ ఒప్పుకున్న మోడళ్ల జాబితా చూసి 3.1 రకం తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఆరిస్ ఎస్‌బీ6190, నెట్‌గేర్ సీఎం700 లాంటివి తీసుకోవద్దు. వాటిలోని ఇంటెల్ ప్యూమా 6 చిప్‌లో ఉన్నట్టుండి లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే ఆలస్యం) ఎగిరే లోపం 2016లోనే బయటపడింది. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో సర్దారు కానీ, వేరేవి దొరుకుతుండగా ఆ తలనొప్పి ఎందుకు?

వెనక సూది గుచ్చే ఫ్యాక్టరీ రీసెట్ ఆఖరి మాట. మోడెమ్, రౌటర్ కలిసిన డబ్బాలో అది చేస్తే వైఫై పేరు, పాస్‌వర్డు అన్నీ పోయి ఇంటిల్లిపాదీ మీ మీద పడతారు.

కంపెనీతో మాట్లాడేటప్పుడు

"నెట్ పోతోంది" అంటే అవతలివాళ్లు "మోడెమ్ రీస్టార్ట్ చేయండి" అంటారు. వాళ్ల చేతిలో ఉన్న కాగితం అంతే. నేను మూడోసారి ఇలా చెప్పాను: "అప్‌స్ట్రీమ్ పొద్దున 39, సాయంత్రం ఐదుకి 46. పది రోజుల ఫోటోలున్నాయి. స్ప్లిట్టర్ తీసేశాను, తీగ నేరుగా ఉంది. ఆ టైములోనే టీ3లు పడుతున్నాయి. పొద్దున ఎవరినీ పంపొద్దు, సాయంత్రం నాలుగు తర్వాతే పంపండి." ఫోన్ ఎత్తిన అమ్మాయి ఒక్క క్షణం ఆగి పై మనిషికి కలిపింది.

టెక్నీషియన్‌ని పంపేముందే ఒకటి అడగండి: లోపం ఇంటి లోపల తీగలో ఉందని తేలితే డబ్బు తీసుకుంటారా, ఎంత? స్తంభం నుంచి గోడ పెట్టె దాకా బాధ్యత మామూలుగా కంపెనీదే. సమాధానం ఇచ్చినవాళ్ల పేరు, టికెట్ నంబరు రాసుకోండి. నెట్ లేని రోజులకు బిల్లులో తగ్గింపు అడగండి, అడగందే అమ్మైనా పెట్టదు. ఎన్నిసార్లు చెప్పినా కదలకపోతే ఎఫ్‌సీసీ (అమెరికా ప్రభుత్వ టెలికాం నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో ఫిర్యాదు ఉచితంగా పెట్టొచ్చు. వాళ్లు దాన్ని కంపెనీకి పంపుతారు, కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి.

మా ఇంటికి ఈసారి నాలుగున్నరకి ఒక పెద్దాయన వచ్చాడు. నా ఫోన్‌లో ఫోటోలు వరసగా చూసి, లోపలికి రాకుండా నేరుగా పెరటి గోడ దగ్గరికి నడిచాడు. ఎండలో పెట్టె తలుపు వేడెక్కి ఉంది. దిమ్మె నుంచి వీధి తీగ కనెక్టరు విప్పి నాకు చూపించాడు. బయటి నుంచి నిగనిగలాడుతోంది. లోపల సూది చుట్టూ ఇత్తడి చెంబుకి చిలుము పట్టినట్టు పచ్చగా ఉంది. వేడికి లోహం వ్యాకోచించినప్పుడల్లా ఆ చిలుము మధ్య అతుకు వదులవుతోంది, చల్లబడితే మళ్లీ తాకుతోంది. పది నిమిషాల్లో తీగ చివర కత్తిరించి కొత్త కనెక్టరు నొక్కాడు, దిమ్మె కూడా మార్చాడు. అమ్మ ఆయనకి మజ్జిగ ఇచ్చింది. ఎండలో నిలబడే తాగేశాడు.

ఆయన వెళ్లాక ఇంకో వారం పాటు అంకెలు చూశాను. పొద్దున 38, సాయంత్రం 39. మెట్ల కింద అల్మారా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించాను: తేదీ, డౌన్‌స్ట్రీమ్ 1 నుంచి 3, ఎస్ఎన్ఆర్ 39, అప్‌స్ట్రీమ్ 38. మీ నెట్ బాగున్న రోజునే ఇలాంటి కాగితం ఒకటి రాసి పెట్టుకోండి. పాడైన రోజున పోల్చుకోవడానికి అదే కావాలి.